నీటిలో గడియారం

పరుగు కోసం కొన్న చేతిగడియారంతోనే మా మనుమడు ఈతనూ లెక్కిస్తున్నాడు. నీటిలోకి ఉపగ్రహ సంకేతాలు అందవు గనుక, అది గోడ వద్ద మలుపులను పసిగట్టి, మనం చెప్పిన కొలను పొడవుతో హెచ్చవేస్తుంది.

నీటిలో గడియారమనగానే నాకు స్ఫురించేది మెర్సిడిస్ గ్లైట్జ్. 1927 అక్టోబరు 7న ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదిన తొలి బ్రిటిష్ వనిత. అంతలో మరొకామె తానూ ఈదినట్లు బొంకగా, అనుమానం ఈమెపైకీ పాకింది. పాపం, 21న ఆ చలినీటిలోనే మరల దిగింది, మెడలో రోలెక్స్ ఆయిస్టర్ గడియారంతో. పది గంటలు దాటాక, తీరం చేరకమునుపే పడవలోకి లాగవలసి వచ్చింది. గడియారం మాత్రం సరిగానే నడుస్తోంది! నవంబరు 24న డెయిలీ మెయిల్ మొదటి పుటపై దాని ప్రకటనే. ఆమె ఎంత దూరం ఈదిందో ఆ గడియారమెరుగదు. ఆమె మాట నిలబెట్టినది, పడవలలో వెంట సాగి ఆ ఓర్పును కన్నులారా చూచినవారు.