పోలీసు పుస్తకం నుంచి పొరుగింటి దాకా

అమెరికాలో ఇల్లు కొనబోయే మనవాళ్లు బడులతో పాటు మరొకటి కూడా విచారిస్తారు: లైంగిక నేరాలకు శిక్షపడినవారు ఆ చుట్టుపక్కల ఉంటున్నారా అని. అటువంటివారి పేరు, ఫోటో, ఇంటి చిరునామా ప్రభుత్వ వెబ్‌సైటులోనే దొరుకుతాయి. నేనూ చూశాను. ఆ చిరునామా మన కళ్లబడడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

మొదట అది పోలీసుల పుస్తకం మాత్రమే. రాష్ట్రమంతటా ఈ నమోదును తప్పనిసరి చేసిన తొలి రాష్ట్రం కాలిఫోర్నియా, అది 1947లో. 1989 అక్టోబరులో మిన్నెసోటాలో జేకబ్ వెటర్లింగ్ అనే పదకొండేళ్ల బాలుణ్ణి ఒక ముసుగు మనిషి ఎత్తుకుపోయాడు. ఆ బాలుడి పేరుతో 1994లో వచ్చిన ఫెడరల్ చట్టం, ఇటువంటి పట్టికను ప్రతి రాష్ట్రమూ ఏర్పాటు చెయ్యాలంది. అదే ఏడు న్యూజెర్సీలో ఏడేళ్ల మేగన్ కాంకాను ఎదురింట్లో ఉండే మనిషి చంపాడు. అతనికి అంతకు ముందే రెండుసార్లు శిక్ష పడిన సంగతి ఆ తల్లిదండ్రులకు తెలియదు. తెలిసి ఉంటే బిడ్డ దక్కేదన్న వారి వేదనను కాదనగలవారెవరు? 1996 నాటి మేగన్ చట్టంతో పోలీసుల పుస్తకం ఇరుగుపొరుగుల ముందు తెరుచుకుంది. 2006లో ఆడమ్ వాల్ష్ చట్టం నేరస్థులను మూడు తరగతులుగా విభజించి, 15 ఏళ్లు, 25 ఏళ్లు, జీవితాంతం అని గడువులు పెట్టింది. ఇల్లు మారితే మూడు పనిదినాల్లో స్వయంగా వెళ్లి తెలపాలంది.

పట్టికకు చిరునామాయే ఆధారం. కాని ఆ చిరునామానే దొరకకుండా చేసే నిబంధనలు కూడా వచ్చాయి. 2005లో మయామీ-డేడ్ కౌంటీ, బాలలపై నేరం చేసినవారు బడులకు 2,500 అడుగుల లోపు నివసించరాదంది. ఇల్లు దొరకనివారు జూలియా టటిల్ కాజ్‌వే వంతెన కింద గుడారాలు వేసుకున్నారు. కొందరికి ప్రభుత్వం నమోదు చేసుకున్న చిరునామా ఆ వంతెనే! 2010లో వారిని అక్కడి నుంచి కూడా ఖాళీ చేయించారు. ఎక్కడున్నారో తెలుసుకోవడానికి పుట్టిన పట్టిక, ఎక్కడా ఉండలేని మనుషులను లెక్కపెట్టవలసి వచ్చింది.

అమెరికా న్యాయశాఖ 2000లో ప్రచురించిన నివేదిక ప్రకారం, పోలీసుల దాకా వచ్చిన కేసుల్లో పిల్లలపై దాడి చేసినవారిలో నూటికి 93 మంది ఆ పిల్లలకు తెలిసినవారే. మూడోవంతు మంది కుటుంబసభ్యులు. పిల్లలపై అత్యాచారం జరిగిందన్న అనుమానం వస్తే అధికారులకు తెలపడం వైద్యులుగా మాకు చట్టం విధించిన బాధ్యత. ఆ అనుమానం తరచుగా మమ్మల్ని తీసుకువెళ్లేది పొరుగింటికి కాదు, ఆ ఇంటి లోపలికే.

2016లో జేకబ్ అవశేషాలు దొరికాయి. నేరం ఒప్పుకొని ఆ చోటు చూపించిన వ్యక్తికి 1989 నాటికి లైంగిక నేరం కింద శిక్ష పడి ఉండలేదు. అంటే పట్టిక అప్పటికే ఉండి ఉన్నా, అతని పేరు అందులో కనిపించేది కాదు. చట్టం కోసం పోరాడిన జేకబ్ తల్లి పాటీ వెటర్లింగే, తరువాతి కాలంలో ఈ చట్టాలు విస్తరించిన తీరును ప్రశ్నించారు.

పట్టిక చూడవద్దని నేను అనను. అందులో ఏమీ కనబడలేదు గనక పిల్లలు క్షేమమే అనుకోవద్దని మాత్రం అంటాను.