గాంధీజీ మెచ్చిన పెన్నును కట్టెతో ఎందుకు చేయలేదు?

పాతరకం కట్టె పెన్ను కిట్‌లో ఏముంటది? రెండు ఇత్తడి గొట్టాలు, క్లిప్పు, మొన, రీఫిల్. కట్టె ముక్కకు రంధ్రం వేసి, లోపల గొట్టం అతికించి, లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కుతరు. సిరా కట్టెను తాకనే తాకదు.

ఇప్పుడు రాజమండ్రికి పోదాం. 1930లలో కె.వి. రత్నం గారు అక్కడ ఫౌంటెన్ పెన్నులు చేసిన్రు. వీటిలో సిరా పెన్ను కడుపులోనే ఉండాలె. కట్టె అయితే పీల్చేస్తది. అందుకే ఎబొనైట్ వాడారు, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఆ కడ్డీని లేత్ మీద చెక్కి పెన్ను చేశారు. జె.సి. కుమారప్ప ద్వారా అది గాంధీజీకి చేరింది. బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులు ఇది బాగానే పనికొస్తుందని 1935లో ఆయన ఉత్తరం రాశారు.

గమనించండి: స్వదేశీ అన్న పేరు చూసి కాదు, రాసి చూశాకే మెచ్చుకున్నారు.

మీ ఊరి వడ్లాయన దగ్గర టేకు ముక్కలు మిగిలితే అడిగి తెచ్చుకోండి. పెన్ను చేయండి. కానీ అమ్మే ముందు నెలరోజులు దానితో మీరే రాయండి.