ధనియుని గుడిసె, ఊక కలిపిన మట్టి

వినయపిటకాన్ని నియమాల పట్టిక అనుకుని పక్కన పెట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అందులో మట్టిపని గురించి ఎంత ఉందో చదివితే గాని తెలియదు.

ధనియుడు కుమ్మరి కొడుకు. భిక్షువయ్యాక రాజగృహం దగ్గర ఇసిగిలి కొండ పక్కన గడ్డి గుడిసె వేసుకున్నాడు. అతను భిక్షకు వెళ్లినప్పుడు గడ్డికీ కట్టెలకూ వచ్చినవాళ్లు దాన్ని పీకి పట్టుకుపోయారు. మళ్లీ వేశాడు, మళ్లీ పోయింది. మూడోసారీ అంతే. చేతిలో కులవృత్తి ఉంది కదా అని ఈసారి మొత్తం మట్టితోనే కట్టాడు. గడ్డి, కట్టెలు, పేడ పోగేసి, కుండను కాల్చినట్టు గుడిసెనే కాల్చాడు. అది ఎర్రగా, చూడముచ్చటగా వచ్చింది. తడితే చిరుగంటలా మోగేదట.

తథాగతుడు కొండ దిగుతూ దాన్ని చూశాడు. ఆ పనిలో చిన్న ప్రాణుల మీద దయ లేదని మందలించి, గుడిసెను పగలగొట్టించాడు. ధనియుడు ఎదురు చెప్పలేదు. తర్వాత అతను రాజుగారి కలప తెచ్చుకుని ఇంకో చిక్కులో పడ్డాడు. దొంగతనం మీద పెద్ద నియమం పుట్టింది అక్కడే. అది వేరే కథ.

అలాగని సంఘం ఇటుకను వద్దనలేదు. చుల్లవగ్గలో ఇటుకకు అనుమతి ఉంది. కాదన్నది ఇంటినే కుమ్మరి ఆవంగా మార్చడాన్ని.

మరి కాల్చని మట్టి గోడ నిలిచేదెలా? చుల్లవగ్గలో వసతుల గురించి చెప్పే ఖంధకంలో దీనికి జవాబు దొరుకుతుంది. గరుకు గోడకు తెల్లరంగు పట్టడం లేదని భిక్షువులు చెబితే, ఊక కలిపిన మట్టి పూసి చేత్తాపీతో నున్నగా చేసి ఆపైన రంగు వేయమన్నాడు బుద్ధుడు. అప్పటికీ పట్టకపోతే మెత్తని మట్టి, చెట్ల బంక, పిండి జిగురు. జేగురు రంగు నిలవాలంటే తవుడు కలిపిన మట్టి, అదీ చాలకపోతే ఆవపిండి, తేనెమైనం నూనె. నల్లరంగు కిందికి వానపాములు విడిచిన మట్టి. గమనించండి, వీటిలో చాలావరకు దంపుడు దగ్గరా చేనులోనూ మిగిలిపోయేవే.

బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి పగులుతుంది. ఊక, గడ్డి ఆ లాగుడును తట్టుకుంటాయి. పెద్ద పగులు ఒకటి పడాల్సిన చోట కంటికి ఆనని సన్న పగుళ్లతో సరిపోతుంది. బంక, జిగురు మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి. నూనె, మైనం తేమను నెట్టేస్తాయి. గోడలు అలికే ప్రతి తల్లికీ ఇది తెలుసు. ఆ శ్రమజీవుల తెలివి పిటకంలోకి ఎక్కిందన్నదే నాకు ముఖ్యంగా తోచే విషయం. మట్టి తొక్కినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

అజంతా బొమ్మల కింద ఉన్నది ఇలాంటి మట్టే. గరుకు రాతి మీద ఊక, గడ్డి, మొక్కల నార, రాతి నలుసులు కలిపిన మట్టిపూత, దానిపై పలచని సున్నం, ఆపైన రంగు. మనం మెచ్చుకునే పద్మపాణి ఊక కలిపిన మట్టిని ఆనుకుని 1,500 ఏళ్లుగా నిలిచాడు. స్పితి లోయలో 996లో నెలకొన్న తాబో విహారం గోడలూ మట్టివే. 1975 భూకంపంలో దెబ్బ తిన్నా పాత ఆలయాలు ఇంకా ఉన్నాయి.

అయితే ఊకకూ గడ్డికీ ఒక బలహీనత ఉంది. వాటిని పురుగులు తింటాయి. అజంతాలో పూత రాలిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఎల్లోరాలో సంగతి వేరు. అక్కడి బౌద్ధ గుహ 12లోని మట్టిపూతను పరిశీలించిన రాజ్‌దేవ్ సింగ్, మిలింద్ సర్దేశాయ్ అందులో గంజాయి మొక్క ముక్కలు ఉన్నాయని 2016లో ప్రకటించారు. ఆ నార గట్టిది, పురుగు త్వరగా పట్టదు. చుల్లవగ్గలోని ఆ జాబితాలో గంజాయి లేదు. కొండ కింద పెరిగే మొక్కను చూసి అక్కడి పనివాళ్లే దాన్ని మట్టిలో కలిపి ఉంటారు.