అది ఏ లంక చుట్ట?

మా పెద్దవ్వ జన్మలో చుట్ట కాల్చలేదు. అయినా మా వంశంలో చుట్టల సంగతి వస్తే ఆమె మాటే మాట.

పోయిన పెద్దల అమావాస్యకు సత్యవేడు వెళ్ళాను. మా అమ్మ పుట్టినిల్లు అది. ఆ రోజు పోయినవాళ్ళకు అరిటాకు వేసి వాళ్ళకిష్టమైనవన్నీ పెడతారు. గారెలు, పాయసం, కొత్త పంచె. మా పెద్దతాతకు మాత్రం వీటన్నిటికన్నా ముందు ఒక చుట్ట పెట్టాలి. అది కూడా ఏ చుట్ట పడితే అది కాదు, లంక చుట్ట. ఆయన బతికినన్నాళ్ళూ అదే కాల్చాడట. 1990లో పోయాడు. అప్పట్నించీ ఏటేటా ఆ చుట్ట సంపాదించడం మా మామ పని.

ఈసారి మామ ఛాతీ విరుచుకుని ఒక కట్ట తెచ్చాడు. రాజమండ్రిలో వున్న స్నేహితుడికి చెప్పి, గోదావరి ఒడ్డునే కొనిపించి, బస్సులో తెప్పించాడట. పెద్దవ్వ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్కసారే వాసన చూసింది.

"ఇది లంక కాదు" అంది.

"ఏందత్తా! గోదాట్లోంచి తెప్పించినానే!"

"యాణ్ణించి తెప్పిస్తే ఏమి? మీ మామ తాగింది ఇది కాదు. నాకు తెల్దా?"

ఆకు వేసే వేళ దగ్గర పడుతోంది. మామ ముఖం చిన్నబోయింది. మామకు ఆ మధ్యే గుండెలో స్టెంటు వేశారు, పొగ వాసన కూడా తగలకూడదు. ఇంట్లో తక్కినవాళ్ళెవరికీ అలవాటు లేదు. "అమ్మణ్ణీ, నువ్వు కథలు రాసేదానివి గదా, నువ్వు ముట్టించి చూడు" అంది పెద్దవ్వ. కథలు రాయడానికీ చుట్ట కాల్చడానికీ వున్న సంబంధం ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. కానీ పెరట్లో, బావి గట్టు చాటున, నలభై దాటిన వయసులో, నేను చుట్ట ముట్టించాను. ఈ సంగతి మావారి దాకా వెళ్ళనివ్వకండి, మీకు పుణ్యముంటుంది.

మొదటి దమ్ముకే కళ్ళ నీళ్ళు తిరిగాయి. గొంతులో మిరపకాయ బజ్జీ ఇరుక్కున్నట్టయింది. రెండోసారి పొగ లోపలికి పోనివ్వకుండా నోట్లోనే వుంచాను. కాస్త తీపి, కాస్త మట్టివాసన, కాల్చిన జీడిపిక్కలాంటి చేదు. దాన్ని గట్టు మీద పెట్టి దగ్గుకుంటూ కూర్చున్నాను. నేను పట్టించుకోకపోయినా అది ఆరిపోలేదు. బూడిద సన్నగా, పాలిపోయిన రంగులో నిలబడింది.

ఆ ఆరకపోవడమే నన్ను ఆలోచనలో పడేసింది. మీకూ చెబుతాను.

లంక అంటే రావణాసురుడి లంక కాదు సుమా. గోదావరి పాయల మధ్య ఇసుకా ఒండ్రూ కలిసి తేలిన దిబ్బలను లంకలంటారు. బొబ్బర్లంక, ములకల్లంక వంటి ఊళ్ళ పేర్లన్నీ అలా వచ్చినవే. వానాకాలంలో వరద ఆ లంకలను ముంచి కొత్త ఒండ్రు పరిచి పోతుంది. నీళ్ళు తీశాక పొగాకు నాటుతారు. కోసిన ఆకును తాళ్ళకు గుచ్చి ఆరబెట్టి, మండెలు వేసి మగ్గబెడతారు. గుంటూరు వైపు 1920లనుంచి పెరిగిన సిగరెట్టు పొగాకు, అంటే బ్యారన్లలో కాల్చే వర్జీనియా, వేరు. దాని ఆకు పసుపు పచ్చన, ఇది ముదురు గోధుమ రంగు. అది మెత్తటి దొరసాని అయితే ఇది మొరటు కాపుబిడ్డ.

ఇక ఆరడం సంగతి. పొగాకు ఆకులో పొటాషియం వుంటే నిప్పు బాగా నిలుస్తుంది. నేలలోనో నీళ్ళలోనో ఉప్పు ఎక్కువై క్లోరైడు ఆకులోకి చేరితే ఎన్నిసార్లు ముట్టించినా ఆరిపోతుంది. పొగాకు మీద పనిచేసిన శాస్త్రజ్ఞులందరికీ తెలిసిన సంగతే ఇది. రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధన కేంద్రం వెలిసింది కూడా ఇలాంటివి తేల్చడానికే. తీపినీటి ఒండ్రులో పెరిగిన ఆకు కనక మామ తెచ్చిన చుట్ట ఆరలేదనుకోవచ్చు. అంటే గెలుపు మామదే కదా!

అలా అనుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ పెద్దవ్వ ముక్కును తీసిపారేయడానికి నాకు మనసొప్పలేదు. ముప్పై అయిదేళ్ళు ఆ వాసనతో కాపురం చేసిన ముక్కు అది.

అసలు పొగాకు వంశవృక్షంలోనే దొంగలెక్కలు ఎక్కువ. కన్యాశుల్కంలో గిరీశం, అమృతం చుక్క నేలరాలి పొగచెట్టయిందని పద్యం చదువుతాడు. అమృతమూ లేదు, గరుత్మంతుడూ లేడు. మిరపకాయలాగే అదీ అమెరికా నుంచి ఓడలెక్కి వచ్చింది. మనకు తెచ్చి అంటించింది పోర్చుగీసువాళ్ళు. అక్బరు ఆఖరి రోజుల్లో, 1604 ప్రాంతంలో, అసద్ బేగ్ అనే ఆయన బిజాపూరు నుంచి పొగాకూ పొగగొట్టమూ తీసుకెళ్ళి పాదుషాకు చూపించాడు. 1617లో జహంగీరు పొగతాగొద్దని ఆజ్ఞ వేశాడు, ఎవరూ విన్నట్టు లేదు. ఇది తెలియక మన సినిమాల్లో రాయలవారి కాలం సైనికులు కూడా దర్జాగా చుట్ట పీలుస్తుంటారు. రాయలవారు 1529లోనే పోయారు, పాపం, ఆయనకు ఆ యోగం లేదు.

పేర్ల గందరగోళం ఇంకొకటి. చుట్టేది కనక మనం చుట్ట అన్నాం, తమిళులు సురుట్టు అన్నారు. దొరలు దాన్ని చెరూట్ చేసుకున్నారు. మద్రాసు రాజధానిలో తిరుచినాపల్లి చుట్టలకు పెద్ద పేరు, కానీ ఆ ఆకు ఎక్కువగా పండింది దిండుగల్లు చుట్టుపక్కల. రంగూన్ చుట్టలని లోకమంతా మెచ్చుకున్న వాటిలోకి మన గోదావరి ఆకు కాకినాడ రేవులో ఓడెక్కి వెళ్ళేది. ఆకు ఒక ఊరిది, చుట్టిన చేయి ఒక ఊరిది, పేరు ఇంకో ఊరిది. బందరు పేరుతో లండనులో నస్యం అమ్మిన రోజులూ వున్నాయి. మనకేమో యాప్నాణం నుంచి, అంటే ఆ రెండో లంక నుంచి కూడా, పొగాకు మలయాళ దేశానికి వచ్చేది. ఇన్ని లంకల మధ్య మా పెద్దతాత లంక ఏది?

1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 'హాబ్సన్-జాబ్సన్' అని ఒక నిఘంటువు వేశారు. అందులో 'లంకా' కూడా వుంది. గోదావరి లంకల్లో పండిన ఆకుతో చేసే ఘాటైన చుట్ట అని అర్థం చెప్పారు. నాలుగేళ్ళకు, 1890లో, కానన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ నోట మళ్ళీ మన లంక చుట్ట మాట వస్తుంది. నూట నలభై రకాల పొగాకు బూడిదల మీద ఆయనో గ్రంథం రాశాడట! పైపులో వేసుకునే పొగాకు బూడిద తెల్లటి దూదిలా వుంటుందనీ, తిరుచినాపల్లి చుట్ట బూడిద నల్లగా వుంటుందనీ వాట్సనుకు పాఠం చెబుతాడు. అంతకు ముందు నవలలో తిరుచినాపల్లి చుట్టను పట్టుకున్నది కూడా ముదురు రంగులో రేకులు రేకులుగా రాలిన బూడిదను చూసే.

నవలను సాక్ష్యంగా తీసుకోవచ్చా అని అడక్కండి. నవలలు రాసేదాన్ని, నాకూ సందేహమే. కానీ ఆ మధ్యాహ్నం పెరట్లో ఇది గుర్తొచ్చి, ఊరికే అడిగాను.

"పెద్దవ్వా, తాత చుట్ట బూడిద ఎట్లా వుండేది?"

"నల్లంగా వుండేది. పెంకులు పెంకులుగా పడేది. నట్టింట్లో, మంచం కింద, గడప మీద... అంతా నేనే గదమ్మా ఊడ్చింది."

హోమ్స్ గ్రంథం రాశాడు. మా పెద్దవ్వ చీపురు పట్టింది. ఇద్దరిలో బూడిదను ఎక్కువగా చూసింది ఎవరంటారు?

"ఆయన ఎక్కడ కొనేవాడు?"

"మద్రాసులో. కొత్వాల్ చావిడికి వంకాయలు ఏసకపోతాడు గదా, వచ్చేటప్పుడు కట్ట తెచ్చుకుంటాడు. ఇది లంకది, పావలా ఎక్కువ అంటాడు. నేను పాల లెక్కలోంచి తీసిస్తా."

పెద్దవ్వ 1955లో ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. అప్పుడు సత్యవేడు చెంగల్పట్టు జిల్లా, మద్రాసు రాష్ట్రం. పటాస్కర్ గారు హద్దులు తేల్చాక, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయి సత్యవేడు ఇటు వచ్చింది, చిత్తూరు జిల్లా అయింది. 2022లో తిరుపతి జిల్లా అయింది. వున్న ఇల్లు వదలకుండానే మూడు జిల్లాలు, రెండు రాష్ట్రాలు చూసిన మనిషి. ఇవన్నీ మారినా రోజూ రెండు గేదెల పాలు పిండి, ఆ డబ్బుల్లోంచి పావలా తీసి ఇవ్వడం మారలేదు. తన చెవుల కమ్మలు తాకట్టులో వున్న ఏడాది కూడా ఆ పావలా ఇచ్చిందని మా అమ్మ చెప్పేది.

ఇప్పుడు ఆవిడకు నేనేం చెప్పాలి? మీ ఆయన కాల్చింది బహుశా దిండుగల్లు ఆకు, తిరుచినాపల్లి చుట్ట, ఆ పావలా ఎవరి జేబులోకి పోయిందో తెలియదు అని చెప్పాలా? మద్రాసు అంగడివాడు తాతను మోసం చేశాడా, తాత పెద్దవ్వను మోసం చేశాడా? ఆ పావలాతో ఏ కాఫీ హోటల్లోనో కూర్చుని దోసె తిన్నాడా?

పొగాకు సంగతి ఆడవాళ్ళ చేతికి వచ్చేసరికి ఎప్పుడూ ఇలాగే వుంటుంది. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. అంగిట్లో పుట్టే కాన్సరు గురించి 1970 ప్రాంతంలో డాక్టర్లు ఆ ఊళ్ళు తిరిగి పరీక్షించారు. మా తాత కూడా దగ్గుతో దగ్గుతోనే పోయాడు. ఆ దగ్గు విన్న రాత్రులు కూడా పెద్దవ్వ లెక్కలోనివే.

నేను దాచలేకపోయాను. మెల్లగా చెప్పాను. ఇది గోదావరిదే కావచ్చనీ, తాతదే వేరేది కావచ్చనీ, ఇదీ గట్టిగా చెప్పలేననీ. బూడిద మాట చెప్పాను, దిండుగల్లు మాట చెప్పాను. మామ ముఖం వెలిగింది. పెద్దవ్వ చాలాసేపు మాట్లాడలేదు. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని బావి వంక చూస్తూ కూర్చుంది. తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టింది.

"నెలకు నాలుగు కట్టలు" అంది. "నాలుగు పావలాలు. ముప్పై అయిదేండ్లు."

"పెద్దవ్వా..."

"వుండు."

లేచి లోపలికి వెళ్ళింది. ఆకులో అన్నీ వడ్డించి వున్నాయి. మామ తెచ్చిన కట్టలోంచి ఒక చుట్ట తీసి, గారెల పక్కన పెట్టింది. అగ్గిపెట్టె పెట్టలేదు. ప్రతి ఏడూ పెట్టేదట.

"నిప్పు మరిచిపోయినావత్తా" అన్నాడు మామ.

"మరిచిపోలా. కావాలంటే వచ్చి అడుగుతాడు. అప్పుడు నేనూ ఒకటి అడగాల్సింది వుండాది" అంటూ ఆకు చుట్టూ నీళ్ళు తిప్పింది.