పల్లె పిల్లలు, ప్రవేశ పరీక్షలు: చంద్రగిరి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

చంద్రగిరి నుంచి తిరుపతికి బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. 1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ, 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా యూనివర్సిటీ అక్కడే ఉన్నాయి. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ కూడా ఒక్క పూటలో పోయి చూసి రావచ్చు. సీటు కావాలంటే మాత్రం మధ్యలో ప్రవేశ పరీక్ష దాటాలి.

ఏ పరీక్ష దేనికి?

ఇంజనీరింగ్, ఫార్మసీ, అగ్రికల్చర్ సీట్లకు ఈఏపీసెట్. ఇళ్లలో ఇంకా ఎంసెట్ అనే అంటారు. ఇది 1986లో మొదలైంది. మెడికల్ సీట్లు నీట్‌కు మారిపోవడంతో 2021లో పేరు మార్చారు. ఇందులో 160 ప్రశ్నలు, 3 గంటల టైం, తప్పుకు మార్కు కోయరు. ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ఇంటర్‌ను తేలిగ్గా తీసుకోకూడదు.

డాక్టర్ సీటుకు నీట్ ఒక్కటే దారి. మొత్తం 720 మార్కులు. సరైన జవాబుకు 4 వస్తాయి, తప్పుకు 1 పోతుంది. ప్రశ్నపత్రం తెలుగులోనూ, 2018 నుంచి ఉర్దూలోనూ ఇస్తున్నారు.

తేడా ఎక్కడ వస్తోంది?

పరీక్ష అందరికీ ఒకటే. చదువు ఒకటి కాదు. కార్పొరేట్ కాలేజీలో పిల్లవాడు రెండేళ్లూ వారం వారం మోడల్ టెస్టులు రాస్తాడు. పల్లె పిల్ల చాలాసార్లు తొలిసారి కంప్యూటర్ మీద పరీక్ష రాసేది ఈఏపీసెట్ సెంటర్లోనే. ర్యాంకు రాకపోతే డబ్బున్నవాళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్చి మళ్లీ రాయిస్తారు. కూలి చేసుకునే ఇంట్లో, అందులోనూ ఆడపిల్లకు, ఆ రెండో ఏడాది దొరకడం కష్టం.

పక్కనున్న తమిళనాడులో 2021లో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ ఈ సంగతే పరిశీలించింది. నీట్ వచ్చాక పల్లె పిల్లల, తమిళ మీడియం పిల్లల వాటా తగ్గిందని తేల్చింది. అక్కడ 2020 నుంచే ప్రభుత్వ బడి పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం కోటా ఉంది.

రిజర్వేషన్ సంగతి

2007 చట్టం ప్రకారం షేక్, లబ్బి, ఖురేషి, అత్తరు సాయిబులు, ఫకీర్లు తదితర వర్గాలు బీసీ-ఇ కిందికి వస్తాయి. వీరికి 4 శాతం సీట్లు. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఇది అమలవుతోంది. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బీసీ-ఇలో లేవు. వారి ఆదాయం 8 లక్షల లోపుంటే, మిగతా షరతులు కూడా సరిపోతే, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

అప్లికేషన్‌లో 'మైనారిటీ' అని టిక్ పెడితే సరిపోదు. బీసీ-ఇ సర్టిఫికెట్ వేరుగా ఉండాలి. ఐఐటీ వంటి కేంద్ర సంస్థలకు కేంద్ర ఓబీసీ జాబితా వేరు. అందులో మీ వర్గం ఉందో లేదో ముందే చూసుకోండి.

లోకల్ అంటే?

రాష్ట్ర కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ విద్యార్థులవి. పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు ఎస్వీయూ ఏరియా. మామూలుగా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరసగా ఇక్కడ చదివి ఉండాలి. బంధువుల ఇంట్లో ఉంచి వేలూరులోనో బెంగళూరులోనో చదివించే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ప్రవేశ పరీక్ష లేని దారి

2008లో మొదలైన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో సీటిస్తారు. మనకు దగ్గరది ఇడుపులపాయ. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు మార్కులు కలుపుతారు. బాగా చదివే పల్లె పిల్లకు ఇది మంచి అవకాశం.

ఇప్పుడే చేయాల్సినవి

పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందా చూడండి. ఒకచోట 'షేక్', మరోచోట 'ఎస్‌కే' అని ఉంటే కౌన్సెలింగ్ రోజు తిప్పలు తప్పవు. కుల, ఆదాయ సర్టిఫికెట్లకు సచివాలయంలో ముందే అప్లై చేయండి. 6 నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ఒకే ఫైల్లో పెట్టండి. ర్యాంకు తెచ్చుకోవడం పిల్లల వంతు. కాగితం లేక ఆ సీటు పోకుండా చూడటం పెద్దల వంతు.