తొలి కత్తియు, ఉక్కు చరిత్రమును

ఈ సంచికకు కమ్మరపు పనిని గూర్చి యొక చరిత్రవ్యాసము వ్రాయుడని మిత్రులు కోరిరి. మా తాతగారి వఱకు కొలిమి చల్లారని యింట పుట్టియు మేము కలము పట్టి బ్రతికినవారము. సమ్మెట యెత్తి యెఱుగము. పుస్తకములు చూచి వ్రాసిన చాలునని తొలుత తలచితిమి. కాని యొక్క కత్తియైనను చేయక కత్తుల చరిత్రము వ్రాయుట సిగ్గుగా దోచి, ఏబదియైదవ యేట పెరటిలో కొలిమి రాజేసితిమి.

పాత లారీ కమాను పట్టీ యొకటి దొరకినది. అట్టి పట్టీలయందు సాధారణముగా నూటికి 0.6 పాళ్లకు చేరువగా కర్బన ముండును. అందుచేతనే యవి పదును పట్టును. మెత్తని యినుపకడ్డీ నెంత కాచి ముంచినను పట్టదు. కొట్టుట మే మనుకొన్నంత కష్టము కాలేదు. మూడు దినములలో జానెడు ముక్క సాగి, మొన తేఱి, ఆకురాయి క్రింద కత్తి రూపు దాల్చెను. ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి, మేమును కొంత యుబ్బితిమి. నాలవనాడు మిట్టమధ్యాహ్నమున పదును పెట్టబూని, ఎండలో ఎఱుపు సరిగా కానరాక, ఇంకను గాలి యూది, అలుగు తెల్లబాఱువఱకు కాచి నీటిలో ముంచితిమి. చిటుక్కుమనెను. వెంట్రుకవంటి బీట యొకటి అంచునుండి వెన్ను వఱకు పాఱినది.

సమీపగ్రామమున నేటికిని కొడవళ్లు చేయు వృద్ధు డొకడు కలడు. మాకు వరుసకు పెదనాయన. ముక్క చూపగా నవ్వి, “మిట్ట పగటీలి పదును పెట్టిన్నని ఎవలకు చెప్పకు బిడ్డా! పొద్దుగూకినంక చీకట్ల చూడాలె. ఎర్రగ గానొస్తే సాలు, తెల్లగైతే ఉక్కు సచ్చినట్టే” అనెను.

ఆ మాట విన్న పిమ్మట, అంతకుముందు చదివిన పుస్తకములే మాకు వేఱుగా కనబడినవి.

1794లో బొంబాయి యందలి వైద్యుడు స్కాటుగారు మన దేశపు ఉక్కు దిమ్మలను లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్సుగారికి పంపిరి. దానిని వారు “వూట్జు” అనిరి. మన దక్షిణభాషల “ఉక్కు” మాటయే అట్లు మాఱినదని పలువురి యభిప్రాయము. మఱుసటి యేడు, 1795లో, పియర్సన్ అను పండితుడు దానిని శోధించి రాయల్ సొసైటీకి నివేదించెను. శోధనకొఱకు స్టోడార్టు అను కత్తుల పనివాడు ఆ దిమ్మలోని ముక్కతో చిన్న కలపుకత్తి యొకటి చేసెను. అతడు దానిని ఎంత వేడిని సాగగొట్టెనో ఆ నివేదికలోనే కలదు: చీకటిలో మాత్రమే కానవచ్చు ఎఱుపున! కత్తి మేలైన ఉక్కు కత్తులకు తీసిపోలేదు. మా పెదనాయన ఆ నివేదికను చదువలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు. అతడు చెప్పినది ముంచుటను గూర్చి, స్టోడార్టు చేసినది సాగగొట్టుటను గూర్చి. పనులు వేఱైనను, ఎఱుపును చీకటిలో చూడవలెననుట రెండింటికిని సమానమే.

కారణ మిది. మన ఉక్కులో కర్బనము నూటికి 1 మొదలు 2 పాళ్ల వఱ కుండెడిది. అట్టిది తెల్లని వేడికి వచ్చినచో లోపల రేణువుల నడుమ కరగనారంభించును. సుత్తి పడగానే పొడిపొడి యగును. మెత్తని యినుమును తెల్లగా కాచి కొట్టుట కలవాటుపడిన ఐరోపా కమ్మరులు పలువురు ఇందుచేతనే ఆ ఉక్కును చెడగొట్టుకొనిరి. తరువాత మైకేల్ ఫారడే, స్టోడార్టుతో కూడి, 1819 మొదలు దాని రహస్యము వెదకెను. ఫారడే తండ్రి కమ్మరి యని మనవారిలో నెందఱికి తెలియునో! ఆ మహనీయుడును అల్యూమినియమే కారణమని తొలుత పొరబడెను.

ఇటు తెలంగాణమున, నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున, 1824లో మరణించిన వాయిసీ అను భూశాస్త్రజ్ఞుడు ఈ పనిని కన్నులార చూచి వ్రాసెను. రెండు తావుల యినుమును కలిపి మట్టిమూసలలో పెట్టి కరగించుట, వచ్చిన దిమ్మలను మరల మరల కాచి మెత్తబఱచుట, వానిని కొనుటకై ఇస్ఫహాను నుండి వర్తకు డొకడు ఆ గ్రామమున బసచేయుట అందు కలవు. సేలము ప్రాంతమున నైతే మూసలో తంగేడు కఱ్ఱముక్కలు వేసి జిల్లేడాకులు కప్పెడివారు. మనము పిచ్చిమొక్క లనుకొను వానినుండియే ఉక్కునకు కర్బనము వచ్చెను.

1856లో బెస్సెమరు పద్ధతి వెలువడి, కర్మాగారపు ఉక్కు చౌకయై సంతలలోనికి వచ్చిన పిదప మూసలు క్రమముగా చల్లారినవి. 2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణమున తిరిగి, చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను ఊరూర గుర్తించిరి. పెంకులు మిగిలినవి గాని కన్ను మిగులలేదు.

మన సంచికలలో డమాస్కసు కత్తుల ప్రశంసకు లోటుండదు. మేమును లోగడ వ్రాసినవారమే. లారీ పట్టీ ముక్కకు పదును పెట్టలేకపోయిన పిమ్మట ఆ వ్రాతలు మరల చదువుకొనుటకు మనసొప్పలేదు. 1998లో అమెరికాలో వెర్హోవెన్ అను శాస్త్రజ్ఞుడు ఆ కత్తుల గీతలకు కారణము వనాడియమువంటి లోహముల లేశములని ప్రకటించినప్పుడు, ఆయన ప్రక్కన నిలిచి అలుగులు కొట్టినవాడు పెండ్రే అను, లాడములు వేయు కమ్మరి. ఇట్టి కూడిక మనయందు కలిగినట్లు మేము చూడలేదు.

రెండవ కత్తిని పెదనాయన యెదుట పొద్దుగ్రుంకిన పిమ్మట కాచితిమి. అయస్కాంతము అంటుకొనుట మానినచో 770 డిగ్రీల వేడి వచ్చినదని పుస్తకము చెప్పును. అంతకు కొంచెము మించనిచ్చి నూనెలో ముంచవలెను. అయస్కాంతము తీయబోవుచుండగనే ఆతడు “ఇగ ముంచు” అనెను. తాకించి చూచితిమి, అంటుకొనలేదు. ఇంక నొక గుక్క వేడి పట్టనిచ్చి ముంచితిమి. చప్పుడు కాలేదు. పిమ్మట పెళుసుదనము పోవుటకై అలుగును మెల్లగా కాచి, ఎండుగడ్డి రంగు రాగానే తీసితిమి. తుమ్మకఱ్ఱ పిడి వేసితిమి.

ఇంటిలో దానితో కూరగాయలు తఱుగుచున్నారు. పెదనాయనకు కొడుకులు మువ్వురు. ఒక్కడును కొలిమి ముట్టడు. ఆదివారములందు మేము పోవుచున్నాము. కమాను పట్టీలో ఇంకను మూరెడు ముక్క మిగిలియున్నది.