కలలో ఎరుక: అభ్యాస విధానం, పాటించవలసిన జాగ్రత్తలు

నిద్రిస్తున్న వ్యక్తి తాను చూస్తున్నది కల అని, ఆ కల సాగుతుండగానే గ్రహించడాన్ని ఆంగ్లంలో 'లూసిడ్ డ్రీమ్' అంటారు. తెలుగులో దీనిని ఎరుకగల కల అనవచ్చు. ఈ స్థితిలో శరీరం నిద్రలోనే ఉంటుంది, కల కొనసాగుతూనే ఉంటుంది. 'ఇది కల' అన్న తెలివి మాత్రం కలుగుతుంది. ఎరుక కలిగినంత మాత్రాన కల మన చెప్పుచేతల్లోకి వస్తుందని భావించరాదు. కొందరు కోరిన చోటికి ఎగిరిపోగలుగుతారు. మరికొందరు జరిగేదానిని సాక్షిగా చూస్తూ ఉండిపోతారు. రెండూ ఎరుకగల కలలే.

ఇది మహిమ కాదు. ప్రధానంగా జ్ఞాపకానికి సంబంధించిన అభ్యాసం. బజారుకు వెళ్ళినప్పుడు ఉప్పు తేవాలని ఇంటివద్ద అనుకొని, కొట్టు కనబడగానే దానిని గుర్తుకు తెచ్చుకోవడం ఎటువంటిదో, కల వచ్చినప్పుడు 'ఇది కల' అని గుర్తు తెచ్చుకోవడమూ అటువంటిదే. అరశతాబ్ద కాలంలో వెలువడిన అధ్యయనాలను క్రోడీకరించి 2016లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇట్టి కల వచ్చింది. నెలకు ఒకసారి గాని, అంతకంటె తరచుగా గాని వచ్చేవారు సుమారు 23 శాతం.

పూర్వుల ఎరుక

నిద్రలో ఉండగానే అది కల అని మనసు చెప్పే సందర్భాలున్నాయని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన స్వప్న విచారంలో పేర్కొన్నాడు. మన దేశంలో మాండూక్యోపనిషత్తు తన 12 మంత్రాలలో జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయములనే నాలుగు స్థితులను వివరించింది. పతంజలి యోగసూత్రాలలో మొదటి పాదంలోని 38వ సూత్రం, స్వప్ననిద్రల జ్ఞానాన్ని చిత్తస్థైర్యానికి ఆలంబనంగా గ్రహించవచ్చునంటుంది. టిబెట్ బౌద్ధంలో నారోపా పేరిట ప్రసిద్ధమైన ఆరు యోగాలలో స్వప్నయోగం ఒకటి. ఈ మార్గాల లక్ష్యం ఆధ్యాత్మికం. వాటిని నేటి ప్రయోగశాలల ఫలితాలతో కలగాపులగం చేయడం ఉభయులకూ న్యాయం కాదు.

ఆధునిక కాలంలో 'లూసిడ్ డ్రీమ్' అన్న మాటకు ప్రచారం తెచ్చినవాడు డచ్చి మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఏడెన్. ఆయన 1913లో తన స్వప్నానుభవాలపై ఒక వ్యాసం వెలువరించాడు.

కంటి సైగతో నిరూపణ

కలలో ఎరుక కలిగిందని ఎవరైనా చెప్పవచ్చు. దానిని నమ్మడమెలా? చాలాకాలం ఈ ప్రశ్నకు బదులు లేదు. కనుగుడ్లు రెప్పల కింద వేగంగా కదిలే నిద్రాదశను 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ వెల్లడించారు. దానినే రెమ్ నిద్ర అంటారు. ఆ దశలో దేహంలోని కండరాలు దాదాపు బిగువు కోల్పోతాయి. అందువల్లనే కలలో పరుగెత్తినా మంచం మీద కాళ్ళు కదలవు. కళ్ళు మాత్రం కదులుతాయి.

ఈ సంగతే పరిశోధకులకు దారి చూపింది. కలలో ఎరుక కలిగిన వెంటనే, ముందుగా అనుకొన్న విధంగా కళ్ళను ఎడమకు, కుడికి కదిపి సైగ చేయాలన్నది ఏర్పాటు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ పరిశీలనలో అలన్ వర్స్‌లీ అనే వ్యక్తి నిద్రలోనుండి అట్టి సైగను పంపగలిగాడు. హెర్న్ ప్రయోగం సంగతి తెలియకుండానే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లబెర్జ్ కూడా ఇదే పద్ధతిని అనుసరించి, ఫలితాలను 1981లో ప్రకటించాడు.

2021లో మరో అడుగు పడింది. అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాలలోని నాలుగు ప్రయోగశాలలు 36 మందిపై జరిపిన పరిశీలనలో, కల కంటున్నవారిని ప్రశ్నలడిగి జవాబులు రాబట్టాయి. 8 నుండి 6 తీసివేస్తే ఎంత అన్న ప్రశ్నకు ఒకరు కళ్ళను రెండుసార్లు అటూ ఇటూ కదిపి బదులిచ్చారు. అయితే ఎరుక ఉన్నదని సైగ అందిన తరువాత చేసిన 158 ప్రయత్నాలలో సరైన జవాబు వచ్చినవి సుమారు 18 శాతం మాత్రమే. 60 శాతానికి పైగా ప్రయత్నాలకు బదులే రాలేదు.

అనువైన వేళ

మన నిద్ర సుమారు 90 నిమిషాలకొక ఆవృత్తిగా సాగుతుంది. తొలి ఆవృత్తులలో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ దశ కొద్ది నిమిషాలే. తెల్లవారుతున్నకొద్దీ రెమ్ దశ నిడివి పెరుగుతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలు అనడం పరిపాటి. అది నిజమయ్యే మాట ఎలా ఉన్నా, ఆ వేళ కలలు దీర్ఘంగా ఉండడం, వెంటనే మెలకువ రావడంచేత గుర్తుండడం వాస్తవం. సాధనకు అనువైన సమయమూ అదే.

అభ్యాస క్రమం

1. కలల దినచర్య: తలగడ పక్కన నోటు పుస్తకం, కలం ఉంచుకోవాలి. మెలకువ రాగానే కదలకుండా ఒక నిమిషం పడుకొని కలను నెమరువేసుకొని, గుర్తున్నంతవరకు వ్రాయాలి. కలే గుర్తులేనివారికి అందులోని ఎరుక గుర్తుండే అవకాశం లేదు.

2. కల గుర్తులు: రెండు మూడు వారాల పిమ్మట పుస్తకం తిరగవేస్తే, పదే పదే వచ్చే విషయాలు బయటపడతాయి. గతించిన బంధువులు, దాటిపోయిన రైలు, చదవని పరీక్ష వంటివి ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు.

3. పగటి పరీక్ష: రోజులో కొన్నిసార్లు 'ఇది కలా, మెలకువా?' అని నిజంగా సందేహించి పరీక్షించుకోవాలి. ముక్కు మూసుకొని ఊపిరి పీల్చి చూడడం, ఒక వ్రాతను చదివి, చూపు మరల్చి, మళ్ళీ చదవడం వాడుకలో ఉన్న పరీక్షలు. కలలో అక్షరాలు తరచు మారిపోతాయి. ఈ పరీక్ష ఒక్కదానితోనే ఫలితం ఆశించరాదు.

4. సంకల్పం: లబెర్జ్ రూపొందించిన ఈ పద్ధతే అభ్యాసానికి ఆయువుపట్టు. నిద్రపోయిన సుమారు ఐదు గంటలకు లేచి, కొన్ని నిమిషాలు మేలుకొని, అప్పటి కలను జ్ఞప్తికి తెచ్చుకోవాలి. 'మళ్ళీ కల వచ్చినప్పుడు అది కల అని గుర్తుంచుకుంటాను' అని మనసులో అర్థంతో అనుకోవాలి. అదే కలలో ఉన్నట్లు, దానిలోని గుర్తును పట్టి కల అని గ్రహించినట్లు ఊహించుకొంటూ నిద్రలోకి జారాలి.

5. నిలకడ: ఎరుక కలిగిన తొలి క్షణంలో సంబరపడితే మెలకువ వచ్చేస్తుంది. కలలోనే చేతులు రుద్దుకోవడం, నేలను, గోడను తాకి చూడడం వలన కల నిలుస్తుందని అభ్యాసకుల అనుభవం.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, పగటి పరీక్షను, నడిరేయి మేల్కొనడాన్ని, సంకల్పాన్ని కలిపి ఆచరించిన 47 మందికి ఒక వారంలో సగటున 17 శాతం రాత్రులు ఫలించాయి. సంకల్పం ముగించిన ఐదు నిమిషాల లోపు నిద్రపట్టినప్పుడు ఈ విజయం దాదాపు 46 శాతం. మూడు రోజులకే విసుగుచెందేవారు ఈ అంకెలను గమనించాలి.

ప్రయోజనం

పీడకలలతో బాధపడేవారికి ఈ విద్య ఆసరా కాగలదు. తరుముకొస్తున్నది కల మాత్రమేనని అప్పుడే తెలిస్తే, ఆగి వెనుదిరిగి చూడగలిగే ధైర్యం కలుగుతుంది. అమెరికా నిద్రావైద్యుల సంఘం 2018లో ప్రకటించిన పత్రం, పీడకలల రుగ్మతకు వాడదగిన పద్ధతులలో దీనిని చేర్చింది. అయితే అది ముందుగా సిఫారసు చేసినది, పగటివేళ పీడకలకు వేరే ముగింపు కల్పించుకొని రోజూ మననం చేసే పద్ధతిని. ఇది సులువు, నిద్రకు భంగం కలిగించదు.

జాగ్రత్తలు

పెద్దలకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. మధ్యలో లేచే అభ్యాసం వారానికి ఒకటి రెండు రోజులకు, అదీ మరునాడు తీరిక ఉన్నప్పుడు పరిమితం కావాలి. వాహనాలు నడిపేవారు, రాత్రి షిఫ్టులవారు, నిద్ర పట్టని జబ్బు ఉన్నవారు దీని జోలికి పోకపోవడం మేలు. కలకు, వాస్తవానికి భేదం తెలియని మానసిక వ్యాధులున్నవారు వైద్యుని అనుమతి లేకుండా ఆరంభించరాదు.

మెలకువ వచ్చినా కాలు చేయి కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్లు అనిపిస్తే భయపడనక్కరలేదు. రెమ్ నిద్రలోని కండరాల సడలింపు మెలకువలోకి కొద్దిసేపు కొనసాగడమే అది. ఊపిరి నిదానంగా తీస్తూ ఉంటే తొలగిపోతుంది. దీనికి విరుద్ధంగా, నిద్రలో నిజంగానే చేతులు విసరడం, తన్నడం నడివయసు దాటినవారిలో కనబడితే నరాల వైద్యునికి చూపించాలి. అది పార్కిన్సన్ వంటి వ్యాధులకు తొలి సూచన కావచ్చు.

గాలంటమైన్ అనే మందుతో ఇట్టి కలలు పెరిగినట్లు 2018లో ఒక ప్రయోగం తెలిపింది. అది అల్జీమర్స్ రోగులకిచ్చే ఔషధం. వాంతులు, నాడి మందగించడం వంటి దుష్ఫలితాలు గలది. కలల కోసం సొంతంగా వాడదగినది కాదు.

పైన చెప్పిన అయిదింటిలో కలలు వ్రాసుకోవడానికి నిద్ర వదులుకోనక్కరలేదు, ఖర్చు లేదు. ఆసక్తిగలవారు ముందుగా ఒక మాసం దానితోనే గడపడం మంచిది. కలలు స్పష్టంగా గుర్తుండసాగిన తరువాతనే అలారం సంగతి ఆలోచించవచ్చు.